టియర్‌డ్రాప్ ట్రైలర్: 14 నెలల పని డైరీ, తూకాలతో సహా

కన్నీటి చుక్క ఆకారంలో ఉండి కారు వెనక లాక్కెళ్లే ఈ పడక ట్రైలర్ కట్టాలని ఎందుకు అనిపించిందో రాయడం లేదు. ఇది చదువుతున్నవారికి ఆ జబ్బు ఈపాటికే అంటుకుని ఉంటుంది. పని చేస్తూ నోటుపుస్తకంలో రాసుకున్న కొలతలు, విరిగినవి, ఊడదీసి మళ్లీ బిగించినవి మాత్రమే ఇక్కడ ఉన్నాయి. బాగా కుదిరిన పనుల గురించి తక్కువ రాశాను, వాటిలో చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు.

బండి స్వరూపం ఇది. పొడవు 2440 మి.మీ., వెడల్పు 1220, గోడ ఎత్తు 1220. ఈ అంకెలు నేను ఎంచుకున్నవి కావు, 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు నిర్ణయించినవి. 1930లలో అమెరికాలో ఇలాంటివి ఇంటి పెరట్లో కట్టుకోవడం మొదలైనప్పటి నుంచి ఈ ఆకారాన్ని షీటు కొలతే శాసిస్తోంది. ముందు గుండ్రంగా ఉండి వెనక్కి వాలుతుంది. లోపల ఇద్దరు పడుకునే చోటు తప్ప నిలబడే చోటు లేదు. వెనక మూత ఎత్తితే వంటగది. లోపలి వెడల్పు చివరికి 1176 మి.మీ. మిగిలింది. ఇద్దరిలో ఒకరు పక్కకు తిరగాలంటే రెండోవారి సమ్మతి కావాలి.

కింద ప్రతి దశ చివర తూకం, గంటలు రాశాను. తూకం చివరికి బండిలో నిలిచిన భాగాలది. పారేసిన వాటిని కలపలేదు. గంటల్లో మాత్రం అన్నీ ఉన్నాయి, బ్రాకెట్లో ఉన్నది అప్పటివరకు మొత్తం.

దశ 1: ఫ్రేము, ఇరుసు

50×50 మి.మీ. చదరపు ఇనుప గొట్టం, 3 మి.మీ. మందం. మీటరుకు నాలుగు కిలోల పైచిలుకు తూగుతుంది, మొత్తం 14 మీటర్లు పట్టింది. చట్రం ముందుకు పొడుచుకు వచ్చి కారుకు తగులుకునే భాగాన్ని ఈ డైరీలో నొగ అంటాను. ఎడ్లబండి మాట దీనికి చక్కగా సరిపోయింది. ఎందుకు సరిపోయిందో దశ 7లో ఖరీదుగా తెలిసింది.

చుక్క వెల్డింగు పెట్టి కర్ణాలు కొలిచాను. రెండూ 2728 మి.మీ. లెక్క ప్రకారం రావాల్సింది అంతే. ఆ సంబరంలో ఎడమ పక్క అతుకులన్నీ ఒకే ఊపులో పూర్తి చేసి, తర్వాత కుడి పక్కకు వెళ్లాను. చల్లారాక కొలిస్తే 2731, 2724. ఏడు మి.మీ. తేడా. వెల్డు చేసిన చోట ఇనుము చల్లారుతూ ముడుచుకుంటుంది, ముందు ముగించిన పక్కకు చట్రాన్నంతా లాగేసుకుంటుంది. రెండు అతుకులు గ్రైండర్‌తో కోసి, గొలుసుతో లాగి, ఈసారి ఒక మూల తర్వాత దాని ఎదురు మూలకు వెళ్తూ, మధ్యలో చల్లారనిస్తూ చేశాను. 1 మి.మీ. తేడా మిగిలింది, వదిలేశాను.

రెండో తప్పు ఇంకా తెలివితక్కువది. ఇరుసును చట్రం అంచు నుంచి కొలిచి బిగించాను. చట్రం అంచు అన్నది ఎవరికీ పట్టని కొలత. రోడ్డు మీద బండి నడిచేది కప్లర్ వెనక, అంటే నొగ కొసన కారు బంతిని పట్టుకునే కొక్కెం వెనక. ఖాళీ చట్రాన్ని మొదటిసారి లాక్కెళ్లినప్పుడు మా తమ్ముడు బైకు మీద వెనకే వచ్చాడు. ఆగాక అన్నాడు: "అన్నయ్యా, ఇది నీ కారు వెనక రావడం లేదు. పక్కన రావాలని చూస్తోంది."

కప్లర్ మధ్య బిందువు నుంచి ఇరుసు రెండు కొసలకు టేపు పెడితే ఎడమ 2651, కుడి 2642. తొమ్మిది మి.మీ. తేడా అంటే ఇరుసు అరడిగ్రీ కంటే తక్కువే తిరిగి ఉంది. అయినా కంటికి తెలిసింది. చేయాల్సిన వరుస ఇది:

1. కమాను కట్టల యు-బోల్టులు వేళ్లతో తిరిగేంత బిగువు మాత్రమే ఉంచండి.
2. కప్లర్ బంతి కూర్చునే చోటి సరిగ్గా మధ్య నుంచి ఒక సన్నని తీగ కట్టండి. టేపు కుంగుతుంది, తీగ కుంగదు.
3. తీగను రెండు కొసలకు మార్చి మార్చి పట్టి తేడా 2 మి.మీ. లోపు వచ్చేదాకా ఇరుసును తట్టండి.
4. బోల్టులు బిగించి మళ్లీ కొలవండి. బిగించేటప్పుడు జరుగుతుంది.

బేరింగుల్లోనూ ఒక దెబ్బ తిన్నాను. నట్టు గట్టిగా ఉంటే మంచిదనుకుని బిగించాను. 40 కి.మీ. తర్వాత ఒక హబ్బు (చక్రం మధ్య దిమ్మ) 46 డిగ్రీలు, రెండోది 84 చూపింది, చెయ్యి ఆనించలేకపోయాను. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, వదులు చేసి, తర్వాత వేళ్ల బిగువుకు తెచ్చి చీలిక పిన్ను వేయాలి. గ్రీజు కొత్తదైనా, పాతదైనా మొదటి 50 కి.మీ. దగ్గర ఆగి హబ్బులు ముట్టుకోండి. చక్రాల నట్లు కూడా అప్పుడే ఇంకోసారి బిగించండి.

తూకం: గొట్టాలు 60, ఇరుసు, కమాన్లు 46, చక్రాలు 28, కప్లర్, ముందు బుల్లి చక్రం 10. మొత్తం 144 కిలోలు. గంటలు: 46.

దశ 2: నేల

12 మి.మీ. ప్లైవుడ్ షీటు ఒకటి, కింద చెక్క బద్దలు. అడుగు భాగానికి ఎపాక్సీ (కలిపి పూస్తే రాయిలా గట్టిపడే జిగురు) రెండు పూతలు. రెండు రోజుల్లో పని అయిపోయింది, గర్వపడ్డాను. తర్వాత చట్రానికి బిగించడానికి 10 మి.మీ. రంధ్రాలు పన్నెండు వేశాను, బోల్టులు దించాను.

మూడు వారాల వానల తర్వాత బోల్టుల చుట్టూ చెక్క ఉబ్బింది. కాలిపర్ పెడితే 12 ఉండాల్సిన చోట 14.5. ఎపాక్సీ పూసిన ముఖం మీద ఒక్క మరక లేదు. నీళ్లు వచ్చింది రంధ్రాల లోపలి గోడల నుంచి. ప్లైవుడ్‌కు ముఖం కంటే అంచు దాహం ఎక్కువ. పొరల కొసలు అక్కడ విప్పారి ఉంటాయి, దీపపు వత్తిలా పీలుస్తాయి. నేను పూత వేసింది దాహం లేని చోట.

మార్పు: ప్రతి రంధ్రాన్ని 14 మి.మీ.కు పెద్దది చేసి, ఆరబెట్టి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ 10 మి.మీ. వేశాను. ఇప్పుడు బోల్టు తాకేది ఎపాక్సీని, చెక్కను కాదు. అంచులకు మూడు పూతలు. ఆ తర్వాత బండిలో ఏ రంధ్రం వేసినా ఇదే పద్ధతి. విసుగు పుట్టిస్తుంది, ఒక్కో రంధ్రానికి రెండు రోజులు పడుతుంది. అందుకే రంధ్రాలన్నీ ముందే గుర్తుపెట్టి ఒకేసారి నింపుకోవాలి.

తూకం: 29. ఇప్పటివరకు 173 కిలోలు. గంటలు: 18 (64).

దశ 3: పక్క గోడలు

18 మి.మీ. షీటు 32 కిలోల దాకా ఉంటుంది. వంపు కోశాక ఒక్కో గోడ 26 మిగిలింది. ఇద్దరం ఎత్తి నిలబెట్టినప్పుడు అది గోడలాగే ఉంది, అదే నా బాధ. ఒక వారం వాటిని అటూ ఇటూ మోసి, చివరికి నిలువు, అడ్డం బద్దల్లా మిగిలేలా మధ్యలో కిటికీలు కోసేశాను. రెండూ కలిపి 52 నుంచి 34కి దిగాయి. ఆ ఖాళీల్లో ఫోము పెట్టి లోపల 4 మి.మీ. ప్లైవుడ్ అతికించాను. బలం తగ్గలేదు. రెండు పక్కలా పలుచని చర్మం అతికితే మధ్యలో మందం ఉన్న చెక్క అవసరం లేదు.

వంపు గీయడానికి సన్నని చెక్క బద్దను మేకుల మధ్య వంచి దాని వెంట పెన్సిలు నడిపాను. దీనికంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు. రెండు గోడలను ఒకదాని మీద ఒకటి బిగించి కలిపి కోయడం మాత్రం పొరపాటు. జిగ్‌సా రంపపు బ్లేడు 36 మి.మీ. మందంలో పక్కకు వంగుతుంది. పై గోడ గీత మీదే ఉంది, కింది గోడ వంపు దగ్గర 4 మి.మీ. లోపలికి పోయింది. కప్పు బద్దలు ఆ తేడాను దాచవు, పైకి చూపిస్తాయి.

రెండో జత ఇలా కోశాను:

1. 6 మి.మీ. ప్లైవుడ్‌తో ఒక నమూనా, ఇసుక కాగితంతో తీరిగ్గా నున్నగా చేసినది.
2. గోడ మీద నమూనా గీసి, గీతకు 3 మి.మీ. బయటే జిగ్‌సా.
3. నమూనాను గోడకు బిగించి, అంచులు చెక్కే రూటర్ యంత్రానికి బేరింగు ఉన్న బ్లేడు పెట్టి మిగిలిన 3 మి.మీ.

మొదటి జత వంటగది అరలయ్యింది.

తూకం: గోడలు 34, లోపలి ప్లైవుడ్ 12, కప్పు బద్దలు 9. ఇప్పటివరకు 228. గంటలు: 40 (104).

దశ 4: కప్పు, ఫోము, రేకు

ముందు వంపు వ్యాసార్థం 450 మి.మీ. 5 మి.మీ. షీటును షీటు పొడవు వెంట వంచితే చప్పుడు చేసి విరిగింది. పై పొర నార బండికి అడ్డంగా, అంటే కప్పు బద్దలకు సమాంతరంగా ఉంటేనే షీటు చుట్టుకుంటుంది. అలా చేస్తే షీటును ముక్కలుగా కోయాలి, రెండు అతుకులు ఎక్కువవుతాయి. ఆ అతుకులు కచ్చితంగా బద్దల మీదే పడాలి. వేడినీళ్లలో తడిపిన గుడ్డ ఒక గంట పరిచి, రాచెట్ పట్టీలతో రాత్రంతా లాగి ఉంచి, పూర్తిగా ఆరాకే జిగురు పెట్టాను. తడి చెక్క మీద జిగురు పెట్టిన నా మొదటి ముక్క మర్నాటికి అప్పడంలా లేచింది.

తర్వాత ఫోము. కప్పు బద్దల మధ్య 25 మి.మీ. పాలీస్టైరీన్ పలకలు పెట్టి, పైన ప్లైవుడ్ నిలవడానికి కాంటాక్టు జిగురు రాశాను. తెల్లారి వేలితో నొక్కితే కొన్ని చోట్ల ప్లైవుడ్ లోపలికి పోతోంది. విప్పి చూస్తే ఫోములో అరచేయంత గుంటలు, అంచుల్లో కరిగి గట్టిపడిన జిడ్డు. ఆ జిగురులోని ద్రావకం పాలీస్టైరీన్‌ను తినేస్తుంది. డబ్బా మీద రాసి ఉంది. నేను చదివింది ఎంతసేపు ఆరాలో మాత్రమే. ఫోము మొత్తం మార్చి, నీటి ఆధారిత జిగురు వాడాను. ఏ జిగురైనా ముందు ఒక తునక మీద రాసి రాత్రంతా వదిలేయండి.

అల్యూమినియం రేకు 1 మి.మీ. చల్లని ఉదయం పూట పక్క గోడకు పూర్తిగా అతికించాను, అద్దంలా ఉంది. మధ్యాహ్నానికి నీడలో చూస్తే నీటి అలలు. 2440 మి.మీ. అల్యూమినియం 40 డిగ్రీలు వేడెక్కితే 2 మి.మీ.కు పైగా పెరుగుతుంది. చెక్క అంత పెరగదు. పెరగడానికి చోటు లేని రేకు బయటికి ఉబ్బుతుంది. ఊడదీయడంలో ఆ రేకు పాడైంది. కొత్తదాన్ని జిగురు లేకుండా నిలబెట్టి, అంచుల చుట్టూ పట్టీలతో మాత్రమే అదిమాను. పట్టీ కింద రేకుకు నాలుగు పక్కలా 3 మి.మీ. వదిలాను. పట్టీల స్క్రూలు స్టెయిన్‌లెస్. వాటి కింద బ్యూటైల్ టేపు (జిగట రబ్బరు పట్టీ) ఉండాలి, లేకపోతే తడి తగిలినప్పుడు రెండు లోహాల మధ్య అల్యూమినియమే తినుకుపోతుంది.

ఇక్కడే ఒక మాట. మొదట అతుకులన్నీ సిలికాన్‌తో మూశాను. తర్వాత పట్టీలకు రంగు వేయబోతే సిలికాన్ తాకిన ప్రతి చోటా రంగు చేపకళ్లలా విడిపోయింది. గీరినా, తుడిచినా దాని జిడ్డు పోదు. రంగు పడే చోట సిలికాన్ వద్దు.

తూకం: 47. ఇప్పటివరకు 275. గంటలు: 52 (156).

దశ 5: తలుపులు, వెనక మూత

తలుపుల సంగతి ఒక వాక్యంలో: కాగితం మీద తలుపు తెరుచుకుంది, బండి మీద మడ్‌గార్డుకు తగిలి 12 మి.మీ. ముందే ఆగిపోయింది. మడ్‌గార్డు కింది మూలను కోసి సర్దాను. ఇరుసు, చక్రం, మడ్‌గార్డు బిగించాకే తలుపు గీత గీయండి.

ఈ దశ 71 గంటలు తిన్నది, వాటిలో ఎక్కువ వెనక మూతకే. ఈ బండిలో కష్టమైన భాగం ఏదని ఎవరు అడిగినా నా జవాబు ఆ మూతే.

మొదటి మూత: 18 మి.మీ. ప్లైవుడ్‌తో కోసిన ఐదు వంపు బద్దలు, ఒక్కోటి 40 మి.మీ. లోతు. బద్దలు ఒక్కటే పెట్టినప్పుడు గోడ వంపుతో వెంట్రుకంత తేడా లేదు. లోపల 3 మి.మీ., బయట 5 మి.మీ. ప్లైవుడ్ అతికించి, ఒక రాత్రి బిగించి, తెల్లారి బిగింపులు తీశాను. కింది అంచు బండి నుంచి 14 మి.మీ. దూరంగా నిలబడింది. వంచిన చెక్క తిన్నగా కావాలని లాగుతూనే ఉంటుంది. 40 మి.మీ. బద్దలకు దాన్ని ఆపే సత్తువ లేదు.

చేయకూడని పని చేశాను. బలమైన గడియలు రెండు పెట్టి మూతను కిందికి లాగాను. కింద మూసుకుంది, నడుములో ఉబ్బింది. పక్క రబ్బరు సీలు మధ్యలో 6 మి.మీ. తెరుచుకుంది. అంతకుముందు ఒక చోట కారాల్సిన నీళ్లు ఇప్పుడు రెండు చోట్ల కారాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

రెండో మూత:

1. బద్దల లోతు 65 మి.మీ. వంపు అసలు దానికంటే కింది కొస దగ్గర 10 మి.మీ. లోపలికి ఎక్కువ.
2. బయటి 5 మి.మీ. షీటు బదులు రెండు 3 మి.మీ. షీట్లు, మధ్యలో పూర్తి జిగురు. రెండు పలుచని పొరలు వంగిన స్థితిలో అతుక్కుంటే ఒకదాన్ని ఒకటి కదలనివ్వవు, వంపు అక్కడే నిలుస్తుంది.
3. అతికించే పనంతా మూతను బండి మీదే ఉంచి, మధ్యలో పాలిథీన్ కాగితం వేసి.
4. పట్టీలు మూడు రోజులు తీయకుండా.

విప్పాక 2 మి.మీ. లేచింది. 10 మి.మీ. గుండ్రటి రబ్బరు సీలు ఆ రెండింటినీ మింగేసింది. మొదటి మూత 14 కిలోలు, ఇది 18. ఈ నాలుగు కిలోల మీద నాకు కోపం లేదు.

మడతబందు రెండో తలనొప్పి. పొడవాటి పియానో మడతబందు నీళ్లను ఆపే వస్తువు కాదు, అది నిండా రంధ్రాలే. వాన నీళ్లు కప్పు మీద నుంచి సరిగ్గా దానిలోకే వస్తాయి. దాని కింద 120 మి.మీ. వెడల్పు రబ్బరు షీటును కప్పు వైపు, మూత వైపు రెండు పక్కలా అదిమి, గోడల మీద మూత అంచు కింద అల్యూమినియం కాలువ పెట్టాను. నీళ్లు లోపలికి రాకుండా ఆపడం మానేసి, వచ్చిన నీళ్లు బయటికి పోయే దారి చూపించాను. అప్పటి నుంచి వంటగది పొడిగా ఉంది.

గ్యాసు స్ట్రట్లు (మూతను ఎత్తి నిలిపే కడ్డీలు): అంచనాతో 150 న్యూటన్ల జత తెచ్చాను, మూత నా తల మీద పడింది. తర్వాత 400 తెచ్చాను, మూయాలంటే వేలాడాల్సి వచ్చింది, మూత కూడా కొద్దిగా వంగింది. లెక్క వేయడానికి పది నిమిషాలు పట్టింది. మూత 18 కిలోలు, బరువు కేంద్రం మడతబందు నుంచి 0.6 మీటర్లు, అంటే దాదాపు 106 న్యూటన్ మీటర్లు. మడతబందు నుంచి స్ట్రట్ నెట్టే గీతకు దూరం సుమారు 0.2 మీటర్లు, స్ట్రట్లు రెండు. ఒక్కోదానికి 265. మార్కెట్లో దొరికే 300 సరిపోయింది. మూత మూసినప్పుడు స్ట్రట్ కడ్డీ కిందికి ఉండేలా బిగించాలి. లోపలి నూనె సీలును తడిపి ఉంచుతుంది.

తూకం: మూత 18, తలుపుల సామాను, కిటికీలు 14, మడ్‌గార్డులు, పట్టీలు 6. ఇప్పటివరకు 313. గంటలు: 71 (227).

దశ 6: కరెంటు

100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ, వెనక వంటగది కింద. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో. రెండు పాఠాలు.

ఫ్రిజ్ రాత్రి పూట తనంతట తాను ఆగిపోయేది, బ్యాటరీ మాత్రం నిండుగానే ఉండేది. నేను లాగింది 1 చ.మి.మీ. తీగ, 4.5 మీటర్ల దూరం. పోయేది, వచ్చేది కలిపి 9 మీటర్లు. 5 ఆంపియర్లకు దాదాపు 0.8 వోల్టులు తీగలోనే కరిగిపోతున్నాయి. ఫ్రిజ్‌కు అందే వోల్టేజీ దాని ఆఖరి హద్దు కిందికి పోతోంది. 4 చ.మి.మీ. తీగ వేశాక నష్టం 0.2 వోల్టులు. 12 వోల్టుల పనిలో తీగ లావు ఇంటి కరెంటు అలవాటుతో ఎంచుకోవద్దు.

రెండోది: ఇండికేటర్ వేస్తే బ్రేకు దీపం కూడా దానితో పాటు మినుకుమనేది. ఎర్తు తీగ లేకుండా కప్లర్, బంతి మీదే ఆధారపడ్డాను. ఆ రెంటి మధ్య గ్రీజు ఉంటుంది, తుప్పు ఉంటుంది, కరెంటు అక్కడ దారి వెతుక్కుంటుంది. ప్రతి దీపానికీ విడిగా ఎర్తు తీగ లాగి కారు ప్లగ్గు దాకా తీసుకెళ్లాను.

తూకం: బ్యాటరీ 29, మిగతావి 11. ఇప్పటివరకు 353. గంటలు: 24 (251).

దశ 7: తూకం, నొగ బరువు

అరలు 24, పరుపు 14 కలిపితే 391. వాటి మీద నిండిన నీళ్ల ట్యాంకు 43, పొయ్యి, గిన్నెలు 15, అదనపు చక్రం 14, సామాను 27. నా పుస్తకం ప్రకారం 490 కిలోలు. లారీల కాటా మీద పెడితే 510. తేడా 20 కిలోలు జిగురు, స్క్రూలు, రంగు. వాటిని నేను ఒక్కసారీ తూచలేదు.

నిండు బండితో మొదటి ప్రయాణంలో గంటకు 70 కి.మీ. దగ్గర పల్లంలో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. వెనక చూసే అద్దంలో మొదట ఎడమ మడ్‌గార్డు కనబడింది, తర్వాత కుడిది, మళ్లీ ఎడమది, ప్రతిసారీ కొంచెం ఎక్కువగా. బ్రేకు తొక్కాలని కాలు వెళ్లింది. తొక్కలేదు, యాక్సిలరేటర్ వదిలి స్టీరింగు తిన్నగా పట్టుకున్నాను. 50 దగ్గర సర్దుకుంది. అప్పటివరకు నేను ఒక చిన్న గది కడుతున్నాననే అనుకుంటున్నాను. బ్యాటరీ ఎక్కడ పడుతుంది, నీళ్లు ఎక్కడ అందుబాటులో ఉంటాయి, ఇవే ఆలోచించాను. అన్నీ వంటగదిలో, అంటే ఇరుసు వెనక.

ఎడ్లబండిలో వెనక బరువు ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది. ఇక్కడ కారు బరువు దాన్ని లేవనివ్వదు, ఆ కోపం బండి పక్కకు చూపిస్తుంది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కప్లర్ మీద పడాలి. నాకు కావాల్సింది 51 నుంచి 76 కిలోలు. కొలిచే పద్ధతి:

1. సమతలంగా ఉన్న నేల, ప్రయాణానికి వెళ్లేటప్పుడు ఉండే మొత్తం సామాను, ట్యాంకు నిండుగా.
2. మనుషులు ఎక్కి తూచుకునే మామూలు కాటా, దాని మీద చెక్క దిమ్మ.
3. కప్లర్ కారు బంతి ఎత్తులోనే ఉండేలా దిమ్మ మీద ఆనించాలి. ఎత్తు మారితే అంకె మారుతుంది.
4. ట్యాంకు ఖాళీ చేసి మళ్లీ తూచాలి.

కాటా 21 చూపింది. నాలుగు శాతం. ట్యాంకు ఖాళీ చేస్తే 29. ఇరుసు వెనక అర మీటరు దూరంలో ఉన్న 40 లీటర్లు ముందు బరువును ఎనిమిది కిలోలు ఎత్తేస్తున్నాయి.

ఇరుసు జరపాలనుకున్నాను, కానీ బరువులు జరపడం తేలిక. కప్లర్ నుంచి ఇరుసుకు 2564 మి.మీ. ఒక వస్తువును ఎంత ముందుకు జరిపితే, ఆ దూరాన్ని 2564తో భాగించి బరువుతో గుణిస్తే నొగ మీద పెరిగే కిలోలు వస్తాయి. బ్యాటరీని వెనక నుంచి నొగ మీద పెట్టెలోకి, 2714 మి.మీ. ముందుకు తెచ్చాను. లెక్క 30.7 పెరగాలంది, కాటా 51 చూపింది. ట్యాంకును ఇరుసుకు 200 మి.మీ. ముందు నేల కిందికి మార్చాను. కాటా 62, ట్యాంకు ఖాళీ అయితే 59. పన్నెండు శాతం. అదే పల్లంలో, అదే వేగంలో ఈసారి అద్దంలో మడ్‌గార్డులు కనబడలేదు.

పంపు గొట్టం పొడవైంది, బ్యాటరీ తీగ లావు మళ్లీ మార్చాల్సి వచ్చింది. ఈ దశకు 46 గంటలు, సగం ఊడదీయడమే. బండి నేల వేసిన రోజే కాగితం మీద ఈ లెక్క వేసి ఉంటే ఇందులో ఒక్క గంట పట్టేది కాదు.

గంటలు: 46 (297).

దశ 8: రాత్రులు, చెమట, వాన

మొదటి రాత్రి పడుకునేటప్పుడు తేమ 58 శాతం, తెల్లారి 91. కిటికీ ఫ్రేము నుంచి చుక్కలు దిండు మీద పడ్డాయి. కప్పు కారుతోందని మొదట కప్పునే అనుమానించాను. అది మా ఊపిరి. మూడు ఘనపు మీటర్ల పెట్టెలో ఇద్దరు మనుషులు రాత్రంతా ఊపిరి వదిలితే ఇంకేమవుతుంది. ఇప్పుడు ఎదురెదురు కిటికీలు వేలెడంత తెరిచి, కప్పు ఫ్యాను అతి నెమ్మదిగా బయటికి తిప్పుతున్నాం. తెల్లారి 74. చలి వేస్తే దుప్పటి పెంచుతాం కానీ కిటికీ మూయం. పొయ్యి లోపల వెలిగించే ప్రసక్తి లేదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం పరుపు ఎత్తులో ఉంది.

అసలు కారుడు వెతకడానికి మంచి పద్ధతి: కప్పు ఫ్యానును లోపలికి గాలి కొట్టేలా తిప్పి, మిగతా అన్నీ మూసి, బయట అతుకుల మీద సబ్బునీళ్లు బ్రష్‌తో రాయాలి. గాలి పోయే చోట బుడగలు లేస్తాయి. నీళ్లు కొట్టి లోపల వెతికితే తడి కనబడిన చోటికీ, నీళ్లు దూరిన చోటికీ రెండడుగుల తేడా ఉంటుంది. బుడగలు మాత్రం సరిగ్గా దూరిన చోటే లేస్తాయి. ఈ పద్ధతిలో ఏడు చోట్లు దొరికాయి. వాటిలో ఐదు స్క్రూ తలల కింద, ఒకటి నంబరు ప్లేటు దీపం తీగ వెంట, ఒకటి కిటికీ పై అంచున.

ఈ వారం లెక్క: 2,140 కి.మీ., 19 రాత్రులు. ఎడమ తలుపు కింది మూలలో, రబ్బరు వెనక, వేలెడు తడి మళ్లీ కనబడింది. సబ్బునీళ్లు రాస్తే బుడగ రాలేదు. తలుపు అంచుకు మూడు పూతలు వేశానా, రెండా అన్నది పుస్తకంలో లేదు. ఆదివారం తలుపు ఊడదీస్తున్నాను.